గడ్డిని కలుపులా పీకే చోట

మా మైదానంలో గడ్డి మొలిస్తే పీకేస్తాం.
మేం పెంచేది కొటులా.
సముద్రపొడ్డున ఎవరూ నాటకుండానే పాకే కలుపు,
ఆకు చిటికెనవేలి గోరుకి సగం.
దాని మీద బంతి దొర్లుతుంటే చప్పుడుండదు,
ఆగినప్పుడే తెలుస్తుంది దొర్లిందని.

నూట పదేళ్ళ పండక్కి
క్లబ్బు చరిత్ర రెండు పేజీల్లో రాసిమ్మన్నారు.
కార్యదర్శిని నేనే.
పోయినేడు మీటింగుకి ఆలస్యంగా వెళ్ళిన పాపానికి
ఎన్నుకున్నారు.

మొదటి మినిట్స్ పుస్తకం, పందొమ్మిదొందల పదమూడు.
డన్‌మోర్ క్రీక్ బొగ్గుగని గుమాస్తా థాడియస్ క్వర్క్ దస్తూరీ,
ప్రతి అక్షరం మెడదాకా బొత్తాం పెట్టుకున్నట్టుంటుంది.
"నేల చదును చేయుటకు గుర్రము ఒకటి. అద్దె ఆరు షిల్లింగులు.
గుర్రము మొండిది."
అంతే రాశాడు.
పగలంతా భూమి కింద వంగినవాళ్ళు
పొద్దు వాలాక భూమి పైన మళ్ళీ వంగి
తాడు పట్టి, నీళ్ళ గొట్టం పట్టి
జానెడు జానెడు సరిచేశారని రాయలేదు.
కొండా వాగూ వానా కలిసి ఏటవాలుగా పెట్టిన ఊళ్ళో
గ్లాసు ఒలక్కుండా నిలబడే చోటు
ఇప్పటికీ ఇదొక్కటే.

గోడమీది బోర్డులో విజేతల పేర్లు బంగారు రంగులో ఉంటాయి.
పదహారు, పదిహేడు, పద్దెనిమిది ఖాళీ.
పెయింటరుకి డబ్బులివ్వలేదేమో అనుకునేదాన్ని చిన్నప్పుడు.

తొమ్మిదో నిబంధన:
"స్త్రీలు తేనీటి నిమిత్తము మాత్రమే."
ఐల్సా డన్‌ఫీ ఇరవై ఆరేళ్ళు స్కోన్లు కాల్చింది.
యాభై అయిదులో ఓ మంగళవారం, వాన వెలిశాక,
ఏప్రన్ విప్పకుండానే మొగుడి బంతి తీసుకుని
మోకాలు వంచి వదిలింది.
నిమ్మకాయకన్నా కాస్త పెద్దదైన ఆ తెల్ల జాక్‌ని
ముద్దు పెట్టుకున్నట్టు తాకి ఆగింది బంతి.
చూసింది పాలు పోసే కుర్రాడొక్కడే.
ఆ కుర్రాడు మా నాన్న.
ఆవిడని పాతిపెట్టి వచ్చిన రాత్రి గానీ
నోరు విప్పలేదు.
తొమ్మిదో నిబంధన మీద అరవై ఆరులో
ఎవరో అడ్డంగా గీత కొట్టారు. నీలం సిరా. సంతకం లేదు.

గని మూతపడిన ఏడు
నూట నలభైమంది సభ్యులు ముప్పై ఒక్కరయ్యారు.
తర్వాతి ఏడు వాగు లోపలికొచ్చింది,
బొగ్గు బురదనీ, చచ్చిన గొర్రెనీ, ఎవరిదో తలుపునీ తెచ్చింది.
ముసలాళ్ళ ఆటని వెక్కిరించే రంపపు మిల్లు యెలావిచ్
పంపు మోసుకొచ్చాడు.
మిగతావాళ్ళం వంటింటి గరిటెలతో గోకాం,
పార వేస్తే కొటులా వేరు తెగుతుందని.
ఆ పది రోజులు ఎవరింట్లో గరిటె వాళ్ళింట్లో లేదు.

ఈ బంతి గుండ్రం కాదని బయటివాళ్ళకి తెలీదు.
ఒక పక్క అణిచి చేస్తారు.
వేగమున్నంతసేపు తిన్నగా పోతుంది,
ఓపిక తగ్గేకొద్దీ తనలోని వాలు వైపు ఒరుగుతుంది.
తిప్పి పట్టుకుంటే పక్క మైదానంలోకి పోతుంది,
రేకు డబ్బాలో ఒక డాలరు జరిమానా.

టియోపిర పోహటుకి ఎనభై నాలుగు.
ఇరవైసార్లు గెలిచిన చెయ్యి.
ఈ సీజన్లో ప్రతిసారీ తిప్పే పట్టుకుంటున్నాడు.
మొదట్లో డబ్బా మోగింది, నవ్వులు మోగాయి.
ఇప్పుడు ఎవరో ఒకరం దగ్గరికెళ్ళి
చెయ్యి కలిపినట్టే కలిపి
అరచేతిలో బంతిని సరిగ్గా తిప్పి వస్తాం.
డబ్బా ఎవరు తీసుకెళ్ళారో
నేను అడగలేదు.

పేజీన్నరే అయింది.
పొద్దున్నే వెదురు బద్దతో మంచు దులిపి
మోకాళ్ళ మీద కూచుని గడ్డి పీకాను, పదిహేడు పరకలు.
సాయంత్రం మీటింగుకి అయిదుగురు వచ్చారు.
రాసుకున్నాను:
రోలరు మళ్ళీ ఆగింది. మరమ్మతు అరవై డాలర్లు.
యంత్రం మొండిది.